నాయన మాకు చెప్పని మాటలు ఆసుపత్రి అయ్యగారికి చెబుతున్నాడు

ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

ఆమెకు 37 ఏళ్ళు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, వయసు 68. పోయిన దసరా నుంచి అన్నం సయించక, తిన్నది నిలవక మనిషి చిక్కిపోతుంటే గ్యాస్ అనుకుని మాత్రలు మింగించారు. చివరికి రాయవేలూరు తీసుకెళితే కడుపులో క్యాన్సర్ అనీ, కాలేయానికి పాకిందనీ తేలింది. కొన్ని విడతలు కీమో ఇచ్చాక ఇక మందు పనిచేయడం లేదు, నొప్పి లేకుండా చూసుకోండి, ఇంటికి దగ్గర్లో పెట్టుకోండి అని పంపించేశారు. ఇప్పుడు జిల్లాలోనే ఒక మిషన్ ఆసుపత్రిలో ఉన్నాడు. నాయనకు మాత్రం "కడుపులో పుండు, మానడానికి టైం పడుతుంది" అని చెప్పారు. ఆ మాట మొదట అన్నదీ, ఇంట్లో అందరిచేతా అదే అనిపిస్తున్నదీ అన్న.

ఆ ఆసుపత్రిలో ఒక చాప్లిన్, అంటే రోగులతో కూర్చుని మాట్లాడే ఆసుపత్రి పాస్టరు, ఉన్నాడు. సిస్టర్లు, ఆయాలు అందరూ అయ్యగారూ అనే పిలుస్తారు. రోజూ వార్డులో తిరుగుతాడు, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటాడు. మొదట్లో నాయన ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఇప్పుడు సాయంత్రం నాలుగు కాగానే "అయ్యగారు ఇంకా రాలేదా" అని అడుగుతున్నాడు, ఆయన వస్తే "నువ్వట్లా పోయి టీ తాగిరాపోమ్మా" అని కూతురిని పంపించేస్తున్నాడు. ఆయన వచ్చిపోయిన రాత్రి కాస్త నిద్రపోతాడు, ఆదివారం ఆయన రాడు కాబట్టి ఆ రాత్రంతా మూలుగే. ఒకరోజు ఫ్లాస్కు మర్చిపోయి ఈమె వెనక్కి వస్తే నాయన ఏడుస్తున్నాడు. "నేను పిలిస్తే వాడు వస్తాడంటావా అయ్యా" అంటున్నాడు. వాడంటే చిన్నాయన. పొలం పంపకాల్లో బోరు ఎవరి భాగంలోకి రావాలనే దగ్గర మొదలైన గొడవ, పదహారేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

అన్నకు ఇదేదీ మింగుడుపడడం లేదు. వాళ్ళది ఏటా బ్రహ్మంగారి మఠానికి పోయే ఇల్లు. "ఈ చివర్లో నాయనకు బాప్తిస్మం ఇచ్చేస్తే ఊర్లో తలెత్తుకోగలమా, దినాలెట్లా చేయాల" అంటున్నాడు. ఆ మనిషిని రానీయొద్దని ఆఫీసులో రాసిమ్మని చెల్లెలి మీద ఒత్తిడి పెడుతున్నాడు, ఎందుకంటే రాత్రీ పగలూ అక్కడుండేది ఆమే. వదిన ఏమో "అసలు సంగతి ఆ అయ్యగారే మామకు చెప్పేసుంటాడు" అంటోంది. ఇక్కడ ఈమె రెండు చిన్న సంగతులు రాసింది, నాకు రెండూ పనికొచ్చాయి. నాయన దిండు కింద మఠం విభూతి పొట్లం ఇప్పటికీ అట్లాగే ఉంది. అన్న కొడుకుకు చిన్నప్పుడు జబ్బు చేసినప్పుడు అన్న కడప పెద్ద దర్గాకు మొక్కుకుని, తగ్గాక పోయి తీర్చుకుని వచ్చాడు.

ఆమె అడిగినవి: అయ్యగారిని ఆపమనాలా? నాయన ఏం చెబుతున్నాడో ఆయన్ని అడగొచ్చా? నాయనకు నిజం చెప్పాలా? చివర్లో ఇంకో మాట. మొన్న వరండాలో అయ్యగారు "నువ్వు తిన్నావామ్మా" అంటే ఆపుకోలేక ఏడ్చేశాననీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదనీ, అది తప్పేమోననీ.

అమ్మా,

అన్న సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు నాయన దగ్గరికి వద్దాం. బస్సెక్కే మనిషి ముఖం చూసి ఎక్కడ దిగుతాడో చెప్పగలిగినంత అనుభవం ఉన్న కండక్టరు ఆయన. బతుకంతా బోర్డులు చదివిన మనిషి రాయవేలూరులో తాను తిరిగిన వార్డు తలుపు మీద ఏం రాసుందో చదవలేదంటారా? పక్క కుర్చీల్లో గుండుతో, టోపీతో సెలైన్ ఎక్కించుకుంటున్న వాళ్ళందరికీ కడుపులో పుండే అనుకున్నాడంటారా? వదిన అనుమానం నాకు అందుకే సరిగా అనిపించలేదు. ఎవరో చెప్పక్కర్లేదు, ఆయనకు చాలావరకు తెలిసే ఉంటుంది. పుండు మాట నమ్మినట్టు ఆయన ఉంటున్నాడు, నమ్మాడు కదా అన్నట్టు మీరు ఉంటున్నారు, ఆయన మీకోసం, మీరు ఆయనకోసం. ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్‌గా చాలాకాలం పనిచేసినదాన్ని, ఇట్లాంటి ఇళ్ళు ఎన్ని చూశానో చెప్పలేను. అందరూ ప్రేమతోనే చేస్తారు. కానీ దానివల్ల రోగికి ఇంట్లో మాట్లాడుకునే మనిషి లేకుండా పోతాడు, ఎందుకంటే భయంగా ఉందని ఆయన అనగానే "ఏం కాదులే నాయనా, మానిపోతుంది" అని మీరంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. అటువంటప్పుడు ఎవరో ఒకాయన స్టూలు లాక్కుని కూర్చుని, ఏం కాదులే అనకుండా వింటే, నాలుగింటికి ఆయన కోసం ఎదురుచూడరా?

కాబట్టి నా లెక్కలో ఈ గొడవ అయ్యగారి రాకతో మొదలవలేదు, పుండు అని చెప్పిన రోజే మొదలైంది. అన్నను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

చాప్లిన్ అంటే ఏం చేస్తాడో మీ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు, అందుకు మిమ్మల్ని ఏమీ అనలేం. కర్నూలు పెద్దాసుపత్రికి పోయినా, కడప రిమ్స్‌కు పోయినా వార్డులో అట్లాంటి మనిషి ఉండడు, ఆ పని పక్క మంచం రోగి భార్యో, పుణ్యం కట్టుకుందామనుకున్న ఆయమ్మో చేస్తూ ఉంటుంది. మిషన్ ఆసుపత్రుల్లో ఉంటారు. పాస్టరు చదువే చదివి ఉంటారు గానీ పని వేరు. చర్చిలో పాస్టరు చెబుతాడు, జనం వింటారు, వార్డులో రోగి చెబుతాడు, చాప్లిన్ వింటాడు. 1925లో అమెరికాలోని వూస్టర్ అనే ఊళ్ళో, మానసిక రోగుల ఆసుపత్రిలో ఆంటన్ బోయిసన్ అనే పాస్టరు, పాస్టరు చదువు చదివే విద్యార్థులను పుస్తకాల దగ్గర్నుంచి లేపి వార్డులోకి తీసుకొచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన అంతకు కొన్నేళ్ళ ముందు తానే మతి చెదిరి అట్లాంటి ఆసుపత్రిలో ఉండి వచ్చినవాడు, మంచం మీద ఉన్నవాడికి ఏం కావాలో ఆయనకు అనుభవం మీద తెలుసు. ఆ పద్ధతే క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ పేరుతో పెరిగింది, మీరు తిరిగొచ్చిన రాయవేలూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి) చాప్లిన్ల విభాగం ఉంది, ఈ శిక్షణా ఉంది. ఇందులో ఒక అలవాటు నాకు బాగా నచ్చుతుంది. రోగితో మాట్లాడి వచ్చాక ఎవరు ఏమన్నారో గుర్తున్నంతవరకు, రోగి పేరు లేకుండా రాసుకొచ్చి గురువు ముందు కూర్చోవాలి. గురువు వరుసగా నిలదీస్తాడు. ఇక్కడ ఆయన భయం చెప్పబోతుంటే నువ్వు మధ్యలో ప్రార్థన ఎందుకు ఎత్తుకున్నావు, తట్టుకోలేకపోయింది ఆయనా, నువ్వా అని. అట్లా నలిగి వచ్చినవాడు రోగి దగ్గర నోరు అదుపులో పెట్టుకుంటాడు.

నేను చూసిన మంచి చాప్లిన్లు కూర్చునేముందు "కూర్చోమంటావా, తర్వాత రమ్మంటావా" అని అడుగుతారు. చిన్న మాటే. కానీ ఆసుపత్రిలో రోగి నిజంగా పొమ్మనగలిగేది ఆ ఒక్క మనిషినే. సూదిని పొమ్మనలేడు, రక్తం తీసుకునే పిల్లను పొమ్మనలేడు, రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టర్ని అస్సలే అనలేడు. మీ నాయన మొదట్లో గోడవైపు తిరిగినప్పుడు ఆ అయ్యగారు ఏం చేశాడో మీరు రాయలేదు, గుర్తు చేసుకోండి. ఊరుకుని పోయి మర్నాడు మళ్ళీ వచ్చుంటే, పని తెలిసిన మనిషి.

ఇంకొకావిడ గురించి కూడా చెప్పాలి, మీ అన్నకు చెప్పడానికి పనికొస్తుంది. సిసిలీ సాండర్స్ అని లండన్‌లో నర్సుగా, తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కర్‌గా, ఆ తర్వాత డాక్టరుగా చేసినావిడ. 1948లో డేవిడ్ టాస్మా అనే రోగి దగ్గరికి వెళ్ళేది. పోలండ్‌లోని వార్సా నుంచి వచ్చిన యూదుడు, నయం కాని క్యాన్సర్, ఆ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. ఆవిడ గట్టి క్రైస్తవురాలు. అయినా ఇద్దరి మాటలూ ఎక్కువగా ఆయన బతుకు గురించే, ఇట్లా పోయేవాళ్ళకు ఎట్లాంటి చోటు ఉంటే బాగుంటుందన్న దాని గురించే. పోతూ పోతూ ఆ చోటు కోసమని ఐదువందల పౌండ్లు ఆమె పేర రాసిపోయాడు, 1967లో ఆవిడ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను చూసుకునే చోటు అది. నొప్పి ఒక్క ఒంటిదే కాదు, మనసుదీ, ఇంటిదీ, డబ్బుదీ, ఆత్మదీ కలిసే ఉంటుందని డాక్టర్లకు నచ్చజెప్పింది ఆవిడే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలియేటివ్ కేర్‌కు, అంటే పెద్ద జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యానికి, ఇచ్చే నిర్వచనంలో ఆధ్యాత్మిక బాధ అన్నమాట కూడా ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే ముస్లిం, హిందూ, సిక్కు చాప్లిన్లూ ఉన్నారు, ఏ మతమూ లేనివాళ్ళు కూడా ఆ పని చేస్తున్నారు.

ఆదివారం రాత్రి మూలుగు సంగతి రాశారు కదా, అది ఇదే. అయితే ఒక్క జాగ్రత్త. అయ్యగారు వస్తే తగ్గుతోంది కాబట్టి నొప్పి అంతా మనసులోదే అని ఎవరైనా అంటే వినొద్దు. నొప్పి నిజమే, దాన్ని ఒంటరిగా మోయడం ఇంకొంచెం ఎక్కువ చేస్తుంది, అంతే. మార్ఫిన్ అనే నొప్పి మందు ఇస్తున్నట్టయితే డాక్టరు చెప్పిన టైముకు ఇవ్వాల్సిందే, బాగున్నాడు కదా అని ఒక డోసు మిగిలించొద్దు, ఆదివారం ఎక్కువగా ఉంటోందని డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అన్న భయం. అది ఉత్త భయమని నేను అనను. వార్డుల్లో అయ్యగార్లూ, స్వాములూ, ఇంకెవరెవరో తిరిగి, స్వస్థత అవుతుందని ఆశపెట్టి, మందులు మానిపించిన వాళ్ళను నేను చూశాను, అన్ని మతాల్లోనూ ఉన్నారు. గమనించాల్సినవి ఇవి. అడగకుండా కరపత్రాలు పెట్టిపోవడం, నమ్మితే తగ్గుతుందనడం, మందుల జోలికి రావడం, ఇంట్లో వాళ్ళకు చెప్పొద్దని రోగితో ఒట్టు వేయించుకోవడం, మత్తులో ఉన్నప్పుడు ఏదైనా తంతు చేయబోవడం. వీటిలో ఏ ఒక్కటి కంటపడినా నేరుగా సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళండి, మొహమాటపడొద్దు. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. విభూతి పొట్లం దిండు కిందే ఉంది, దాన్ని ఎవరూ తీసేయమనలేదు. పెద్ద దర్గాకు మొక్కుకున్న మీ అన్న ముస్లిం అయిపోయాడని ఊర్లో ఎవరైనా అన్నారా? ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకునిపోతారు, వాళ్ళనూ ఎవరూ ఏమీ అనరు. మన జిల్లాలో కష్టం వచ్చినవాడు ఎవరి గడప తొక్కినా దాన్ని పెద్దగా పట్టించుకున్నది లేదు. ఈ మాట అన్నను ఎత్తిపొడవడానికి వాడొద్దు, పదిమందిలో అసలే వద్దు. ఆయన కొడుకు మంచాన ఉన్నప్పుడు ఎట్లా ఉండిందో గుర్తు చేసి వదిలేయండి.

ఒకవేళ నాయనే, తెలివిలో ఉండి, నాకు బాప్తిస్మం కావాలంటే? ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ అన్న మనసులో ఉన్నది అదే కాబట్టి దాటేయలేను. అప్పుడు అది ఆయన ఇష్టం. నచ్చిన మతాన్ని పాటించడానికి రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చే స్వేచ్ఛ మంచం మీద ఉన్నవాడికి తక్కువేమీ కాదు. బాధ్యత తెలిసిన చాప్లిన్ తొందరపడడు, తెలివిగా ఉన్నప్పుడు మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, ఇంట్లో వాళ్ళకు తెలియజేయమంటాడు. మీకు కష్టంగానే ఉంటుంది, ఉండదని చెప్పను. దినాలు ఎట్లా చేయాలనే దానికి మాత్రం మీలో మీరు కొట్టుకోవడం దేనికి, చెప్పగలిగిన మనిషి ఇంకా మంచం మీద ఉన్నాడు కదా. కానీ ఆయన్ని అది అడగాలంటే పుండు అబద్ధం అడ్డం. మళ్ళీ అక్కడికే వచ్చాం చూడండి.

ఇక మీ ముందున్న దారులు.

అన్న చెప్పినట్టు రాసివ్వొచ్చు. మీ నాయన తెలివిలో ఉన్నాడు, ఆసుపత్రివాళ్ళు సరిగ్గా పనిచేసేవాళ్ళయితే ఆయన్నే అడుగుతారు, "మీ పిల్లలు అయ్యగారు రావొద్దంటున్నారు, మీరేమంటారు" అని. ఆ ప్రశ్న ఆయన చెవిన ఎట్లా పడుతుందో ఆలోచించండి. అడక్కుండానే ఆపేశారనుకోండి, నాలుగింటికి ఆయన ఎదురుచూస్తాడు, అయ్యగారు ఎందుకు రాలేదంటే ఇంకో అబద్ధం చెప్పాల్సింది మీరే, అన్న అక్కడ ఉండడు. ఇంట్లో గొడవ ఆ పూటకు చల్లారుతుంది, అది నిజమే, కొన్ని ఇళ్ళల్లో అదే ముఖ్యమైపోతుంది. కానీ నాయనకు ఉన్న ఒక్క మాటల మనిషీ పోతాడు, ఆయన స్థానంలోకి మీరిద్దరూ రావడానికి సిద్ధంగా లేకుండా ఇది చేస్తే మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఏమీ చేయకుండా ఇట్లాగే జరగనివ్వొచ్చు. నాయనకు సాయంత్రాలు మిగులుతాయి. మీకు మాత్రం రోజూ టీ కొట్టు దగ్గర నిలబడి లోపల ఏం మాట్లాడుకుంటున్నారో అనుకోవడం, రాత్రికి అన్న ఫోన్ అందుకోవడం. మీరు ఎన్నాళ్ళు ఆగగలరో మీకే తెలియాలి.

మూడోది, నేనైతే దీనివైపు మొగ్గుతాను, అయ్యగారితో మీరూ అన్నా కలిసి కూర్చోవడం. నాయన మంచం దగ్గర కాదు, అయ్యగారి గదిలోనో, బయట చెట్టుకిందో. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నాయన ఏం చెప్పాడని అడగొద్దు, అడిగినా ఆయన చెప్పకూడదు, చెప్పేస్తే ఆ మనిషిని నేను నమ్మను. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందనో, నొప్పి దాచిపెడుతున్నాననో అంటే అది డాక్టర్లకు చేరవేస్తారు, మిగతావి తమ దగ్గరే ఉంచుకుంటారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీరు ప్రార్థన చేస్తారా, చేస్తే ఎవరు అడిగితే చేస్తారు? మా నాయన మఠం నుంచి ఎవరినైనా పిలిపించమంటే మీరు ఏర్పాటు చేస్తారా? ఈ పనికి ఎక్కడ శిక్షణ తీసుకున్నారు? మేం చేయగలిగింది, మేం చేయకుండా ఉన్నది ఏమైనా ఉందా? చివరి ప్రశ్నకు ఆయన ఏం రహస్యమూ బయటపెట్టకుండానే "ఆయన్ని మీరే అడిగి చూడండి" అంటాడు బహుశా. మొదటి మూడింటికి సూటిగా చెప్పలేకపోయినా, కోపం తెచ్చుకున్నా అన్న అనుమానం సరైనదే కావచ్చు, అప్పుడు మొదటి దారికే వెళ్ళండి, నేను వద్దనను.

అన్న వస్తాడా అంటే, రమ్మంటే రాడేమో. ఫోన్లో వాదించడం మానేసి "నాకు ఒళ్ళు బాగాలేదు, ఆదివారం రాత్రి నువ్వు పడుకో అన్నా" అనండి. మీకు ఒళ్ళు బాగుండే అవకాశం ఎట్లాగూ లేదు కాబట్టి అబద్ధం కూడా కాదు. ఆ మూలుగు ఒక రాత్రి పక్కన కూర్చుని వినాలి. రాయవేలూరు ఖర్చంతా మోసింది ఆయనే అయ్యుంటాడు, కొరివి పెట్టాల్సిందీ ఆయనే, ఊర్లో ప్రతివాడూ అడిగేదీ ఆయన్నే. ఆ బరువుకు ఆయనకూ భయంగా ఉంటుంది, మగపిల్లలు భయాన్ని కోపం చేసి చూపిస్తారు మన వైపు. మర్నాడు సోమవారం సాయంత్రం నాలుగింటి దాకా ఉండిపొమ్మనండి, అయ్యగారిని ఆయనే చూస్తాడు.

నిజం చెప్పడం. అయ్యో, నాయనా నీకిది అని ఒక్కసారిగా నెత్తిన వేయమని ఎవరూ అనరు. డాక్టర్లకు నేర్పే పద్ధతిలో కూడా ముందు చెప్పడం ఉండదు, అడగడం ఉంటుంది. ఆయనకు ఏం తెలుసు, ఇంకా ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడు అని. మీరూ అదే చేయొచ్చు. నొప్పి తక్కువున్న పూట, పక్కన చుట్టాలు లేనప్పుడు "నీకేమనిపిస్తోంది నాయనా, ఒంట్లో ఎట్లుంది" అని అడిగి ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం, మనకు వెంటనే "ఏం కాదులే" అని వచ్చేస్తుంది. "పుండే కదమ్మా, మానిపోతుందిలే" అన్నాడనుకోండి, ఆయనకు ఇప్పుడు వద్దు, వదిలేయండి, మళ్ళీ ఇంకో పూట. "ఇది మానేది కాదమ్మా" అన్నాడనుకోండి, కాదని మాత్రం అనకండి. "డాక్టర్లు కూడా కష్టమనే అంటున్నారు నాయనా, నొప్పి లేకుండా చూస్తామన్నారు, నేనిక్కడే ఉంటా" అంటే చాలు ఆ పూటకు. ఎన్నాళ్ళని అడిగితే డాక్టర్ని పిలవండి, మీరు లెక్క కట్టొద్దు. తన జబ్బేమిటో తెలుసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఉంది, కాబట్టి ఆయన నేరుగా డాక్టర్ని అడిగితే డాక్టరు మీ కోసం అబద్ధం చెప్పాలని ఆశించకండి.

చెబితే ఏమవుతుంది? రెండు మూడు రోజులు ముభావంగా ఉండొచ్చు, ఇన్నాళ్ళూ దాచారని కోప్పడొచ్చు, ఆ పూట ముద్ద ముట్టకపోవచ్చు. తర్వాత చాలామంది పనుల్లో పడతారు, బ్యాంకు పుస్తకం ఎక్కడుంది, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ పాస్‌బుక్ ఎవరి దగ్గరుంది, ఇట్లాంటివి. కొందరు అస్సలు మాట్లాడరు, అదీ ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఆ మెడికల్ వార్డులో మీ చెయ్యి పట్టుకుని ఇంకా కొన్నాళ్ళు పుండు గురించి మాట్లాడతాడు. కొంతమంది పెద్దవాళ్ళు అట్లా పోవడానికే ఇష్టపడతారు, పిల్లలు బాధపడకుండా ఉంటే చాలనుకుంటారు, దాన్నీ నేను తక్కువ చేయను. అయితే మీ నాయన అట్లాంటి మనిషేనా? "వాడు వస్తాడంటావా" అని అడిగిన మనిషికి టైం తక్కువుందని తెలుసు అనే నాకు అనిపిస్తోంది.

మీరు ఏడ్చిన సంగతి. తప్పేముందమ్మా అందులో? చాప్లిన్ పనిలో సగం రోగి పక్కన కాపలా ఉన్నవాళ్ళను చూసుకోవడమే. నాలుగింటికి నాయన పంపించినప్పుడు టీ కొట్టుకు పోకుండా, ఆయన బయటికి వచ్చాక పది నిమిషాలు మీరూ మాట్లాడొచ్చు. మీ మతం ఏమీ మారిపోదు. ఆయనతో ఇబ్బందిగా ఉంటే వార్డు సిస్టర్ ఎవరైనా మనసుకు దగ్గరగా అనిపిస్తే ఆమెతో. అన్నట్టు, ఆ ప్రశ్నకు జవాబు రాయలేదు మీరు, తింటున్నారా?

ఇక చిన్నాయన. దీనికి మాత్రం ఎక్కువ రోజులు పెట్టుకోవద్దు. కాలేయానికి పాకిన జబ్బు, రానురాను మగత పెరుగుతుంది, ఇప్పుడున్నంత స్పష్టంగా మాట్లాడే పూటలు తగ్గిపోతాయి. అట్లాగని మీరు చాటున విన్న మాట పట్టుకుని నాయనకు తెలియకుండా చిన్నాయనను తీసుకొచ్చి మంచం ముందు నిలబెడితే, అయ్యగారు చెప్పేశాడనుకుంటాడు, ఆ నమ్మకమూ పోతుంది. ఉన్నదున్నట్టు నాయనతోనే అనండి, "ఫ్లాస్కు కోసం వచ్చినప్పుడు నీ మాట చెవిన పడింది నాయనా, చిన్నాయనకు ఫోన్ చేయమంటావా" అని. వద్దంటే వద్దు. ఊ అంటే ఆ రోజే చేయండి, మీరే చేయండి, అన్నచేత చేయించొద్దు, ఎందుకంటే ఆ బోరు గొడవలో అన్న కూడా ఒక పక్షమే. పొలం మాట, తప్పొప్పుల మాట ఎత్తకండి, "నాయన నిన్ను చూడాలంటున్నాడు చిన్నాయనా, ఫలానా ఆసుపత్రి, ఫలానా వార్డు" అని చెప్పి పెట్టేయండి. ఆయన రానంటే నాయనకు ఏం చెప్పాలి అనేది ఫోన్ చేసేముందే అయ్యగారితో ఒకసారి అనుకోండి, ఆ జవాబు మీ ఒక్కరి మీద పడకూడదు. వస్తే మాత్రం, మొదటి అరగంట మీరూ అన్నా ఇద్దరూ టీ తాగడానికి పోండి.